సూక్ష్మం మనకు, స్థూలం వాళ్ళకా? (పరిశోధన ముచ్చట్లు – 6)

యూనివర్సిటీల్లో సినాప్సిస్‌లు రాసుకునే రోజులివి. పోయిన భాగం చదివి నలుగురైదుగురు పరిశోధక విద్యార్థులు ఇన్‌బాక్స్‌లోకి వచ్చారు. అందరిదీ దాదాపు ఒకే గోడు. "మా ఊరి మాదిగవాడ మీద చేస్తానంటే 'మరీ చిన్నదయ్యా, పిహెచ్‌డికి సరిపడా ఇందులో ఏముంది?' అంటున్నారు సార్. పోనీ ఆంధ్రదేశంలో దళిత ఉద్యమ చరిత్ర చేస్తానంటే 'అంత పెద్దది నీ వల్ల కాదు, నీ ఊరికో నీ కులానికో కుదించుకో' అంటున్నారు." ఒకే నోటితో ఈ రెండు మాటలూ చెప్పిన గైడ్లు కూడా ఉన్నారట. ఈ భాగం ఆ పిల్లల కోసం.

ఆ రెండు మాటల వెనక రెండు చూపులున్నాయి. ఒకటి స్థూల దృష్టి. దేశాన్నో, రాష్ట్రాన్నో, ఒక శతాబ్దాన్నో మొత్తంగా పట్టుకునే చూపు. జనాభా లెక్కలు, జీవోలు, కరువులు, కాలవలు, భూమి పంపకాలు, ఎన్నికలు దీనికి ముడిసరుకు. రెండోది సూక్ష్మ దృష్టి. ఒక పల్లె, ఒక ఇల్లు, ఒక మనిషి, ఒక్కోసారి ఒకే ఒక్క రోజు. రెవెన్యూ ఆఫీసులో ఊరి పటం తీసి చూడండి. అందులో మన వాడ చిటికెన వేలి గోరంత ఉంటుంది. అదే వాడలోకి నడిచి వెళ్తే ఏ ఇంటికి ఏ బావి, ఏ దారిన శవం పోవాలి, ఏ దారిన పోకూడదు అన్నీ కనిపిస్తాయి. పటంలో ఆ దారుల గొడవ ఉండదు. వాడలో నిలబడితే కాలవ ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపించదు. రెండూ కావాలి.

ఇంతవరకు పరిశోధన పద్ధతుల పుస్తకాల్లో ఉన్నదే. వాటిలో లేనిది ఒకటుంది. ఎవరికి ఏ చూపు దక్కాలో కూడా మన దేశంలో కులమే నిర్ణయిస్తోంది. 2002లో గోపాల్ గురు ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం రాశారు. భారతదేశపు సామాజిక శాస్త్రాల్లో సమానత్వం ఏపాటిదని ఆయన అడిగారు. సిద్ధాంతం చేసేది ఒక వర్గం, సమాచారం పోగుచేసి మోసేది మరో వర్గంగా మన విద్యారంగం చీలిపోయిందనీ, ఆ చీలికకు వర్ణవ్యవస్థ వాసన ఉందనీ చెప్పారు. ఆ వ్యాసం మీద చాలా చర్చ జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది. చదవనివాళ్ళు ముందు అది చదవండి, సినాప్సిస్ తర్వాత రాసుకోవచ్చు.

తెలుగు శాఖల్లో ఈ చీలిక ఇంకా ముదిరింది. చిందు కుటుంబం నుంచి వచ్చిన పిల్లాడికి చిందు యక్షగానం. డక్కలి పిల్లాడు దొరికితే జాంబపురాణం, పటం కథ. మాదిగ పిల్లకు 'ఫలానా మండలంలో మాదిగల పాటలు'. ఇవన్నీ గొప్ప విషయాలే, నేను కాదనను. కానీ అదే శాఖలో 'ఆధునికత', 'కవిత్వ సిద్ధాంతం', 'నవల – సమాజం' లాంటివి ఎవరి చేతికి వెళ్తున్నాయో ఒకసారి రిజిస్టర్ తీసి చూడండి. మనం పోగుచేసిన పాటలు వాళ్ళ అధ్యాయాల్లో ఉదాహరణలవుతాయి.

ఊరిని చదివిన పెద్దల సంగతి చూద్దాం. 1951-52లో ఉస్మానియా యూనివర్సిటీ నుంచి ఎస్.సి. దూబే హైదరాబాదు పక్కన శామీర్‌పేటను అధ్యయనం చేశారు. మంచి పుస్తకం, ఇప్పటికీ పనికొస్తుంది. 1955లో అచ్చయింది. పేరు 'ఇండియన్ విలేజ్'. చదివింది ఒక్క ఊరు, పేరు మాత్రం దేశానికంతటికీ పెట్టారు. ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర ఒక పల్లెలో ఊరిపెద్ద ఆవరణలో బస చేసి పరిశోధించారు. ఆ పల్లెకు ఆయన పెట్టుకున్న పేరు రాంపుర. ఆ ఒక్క పల్లెలోంచి 'ఆధిపత్య కులం' అనే భావనకు రూపం ఇచ్చారు. దేశమంతా దాన్ని తీసుకుంది, మనమూ వాడుతున్నాం. వాళ్ళను ఎవరూ 'ఇది ఒక్క ఊరికే పరిమితం కదా?' అని నిలదీసి ఆపలేదు. మన పిల్లను మాత్రం వైవాలో మొదటి ప్రశ్నగా అదే అడుగుతారు. ఒక యూనివర్సిటీలో నా కళ్ళెదుటే అడిగారు. ఆ అమ్మాయి చెప్పిన జవాబు బాగుంది: "సార్, మా ఊళ్ళో జరిగింది ఇంకెక్కడా జరగలేదని మీరు చూపిస్తే, అప్పుడు పరిమితం అని రాసుకుంటాను."

ఒక ఊరు చదివి దేశం గురించి మాట్లాడటం తప్పేమీ కాదు. ఊరి నుంచి దేశానికి మెట్లు కట్టాలి, అంతే. ఆ మెట్లు ఎలా కట్టాలో చూపించిన పరిశోధక విద్యార్థి ఒకరు మనకున్నారు. విగ్రహాల కింద నిలబడి దండలేస్తాం గానీ ఆయన్ని విద్యార్థిగా చదవడం తక్కువ.

1916 మే 9. న్యూయార్క్, కొలంబియా యూనివర్సిటీ. గోల్డెన్‌వైజర్ అనే మానవశాస్త్ర ఆచార్యుడి సెమినార్‌లో 25 ఏళ్ళ అంబేడ్కర్ భారతదేశంలో కులాల మీద పేపర్ చదివాడు. అప్పటికే సెనార్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ లాంటి పెద్దలు కులం గురించి గ్రంథాలు రాసి ఉన్నారు. ఒకరు వృత్తి అన్నారు, ఒకరు జాతి అన్నారు. మరొకరు మైల గురించి చెప్పారు. ఈ కుర్రాడు వేసిన ప్రశ్న చాలా చిన్నది, ఒక ఇంటికి సంబంధించినది. గుంపు లోపలే పెళ్ళి చేసుకోవాలన్న నియమం పెట్టుకుంటే, పెళ్ళీడు ఆడవాళ్ళూ మగవాళ్ళూ సరిసమానంగా ఉండాలి. భర్త ముందు చనిపోతే ఆ ఇల్లాలు మిగిలిపోతుంది. ఆమె గుంపు బయటివాణ్ణి చేసుకుంటే కట్టు తెగుతుంది, లోపలివాణ్ణి చేసుకుంటే పెళ్ళికాని ఇంకో ఆడపిల్లకు తక్కువ పడుతుంది. మరి ఆమెను ఏం చేయాలి? భర్తతో పాటు కాల్చేయాలి, లేదా బతికినన్నాళ్ళూ విధవగా ఉంచాలి. భార్య పోయిన మగవాణ్ణి కాల్చరు కదా. అతనికి ఇంకా పెళ్ళీడు రాని పిల్లను తెచ్చి కడతారు.

అందరూ సతి, వైధవ్యం, బాల్యవివాహం మూడు వేర్వేరు దురాచారాలని రాస్తున్న రోజుల్లో, ఆ మూడూ ఒకే లెక్కను సరిచేసే మూడు ఉపాయాలని ఆయన చూపించాడు. కులం గుట్టు సొంతగుంపు పెళ్ళిలో ఉందని తేల్చాడు. ఒక గుంపు తలుపులేసుకుంటే మిగతావి దాన్ని అనుకరిస్తూ, లేదా బయట మిగిలిపోతూ కులాలయ్యాయన్నాడు. ఒక్క కులం అనేది ఉండదు, కులాలు అనే బహువచనమే ఉంటుందని కూడా అందులోనే ఉంది. ఇంట్లో ఒక చావుతో మొదలుపెట్టి దేశపు నిర్మాణం దాకా వెళ్ళాడు. ఎక్కడా మెట్టు దాటేయలేదు.

ఇదే అంబేడ్కర్ రెండేళ్ళ తర్వాత, 1918లో, చిన్న కమతాల మీద రాసినప్పుడు సరిగ్గా ఎదురు దారిలో నడిచాడు. మన పొలాలు ముక్కలైపోయాయి, చిన్నవైపోయాయి, వాటిని కలిపి పెద్దవి చేస్తే వ్యవసాయం బాగుపడుతుందని అందరూ గట్టు కొలతలు చూస్తున్న కాలమది. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలను బట్టి తేలదన్నాడు. ఎడ్లు, పనిముట్లు, పెట్టుబడి, చేతులు ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి తేలుతుందన్నాడు. వేరే పనిలేక జనమంతా భూమి మీదే పడి ఉండటం అసలు జబ్బు, పరిశ్రమలు రావడం మందు అన్నాడు. అందరూ పొలంలో నిలబడి చూస్తుంటే ఆయన దేశపు ఆర్థికం మొత్తాన్ని చూశాడు. అంటే ఆయనకు ఒక చూపు మీద మోజు లేదు. జబ్బు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళాడు.

'నీ అనుభవం రాయి చాలు, అదే గొప్ప' అని మన పిల్లల భుజం తట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. చిన్నప్పుడు మసూర్ స్టేషన్‌లో దిగి, బండివాడు తోలనంటే పిల్లలే బండి తోలుకుంటూ దాహంతో వెళ్ళిన 1901 నాటి ప్రయాణం గురించి ఆయన రాశాడు. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం వేసిందీ ఆయనే. మొదటిది మాత్రమే మనకు తగినదని ఎవరు చెప్పారు?

ఇప్పుడు మన నేల మీదికి వస్తాను. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఒంగోలు.

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అత్యధికులు మాదిగలు. ముంచి లేపింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులేసుకుని. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దీనికి సూత్రధారి అని పుస్తకాలన్నీ రాస్తాయి.

స్థూల చరిత్ర దీనికి చెప్పే కారణం ఒక్క మాటలో అయిపోతుంది. 1876-78 మద్రాసు ప్రెసిడెన్సీ మహా కరువు. బకింగ్‌హామ్ కాలవలో కొంత భాగం తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. ఆకలి జనం మతం మారారు. 'గంజి కోసం మారినవాళ్ళు' అనే తిట్టు ఈ ఒక్క వాక్యం లోంచి పుట్టింది. మన తాతల్ని ఆ తిట్టు తిట్టారు, ఇప్పటికీ వాట్సాప్‌లో తిడుతున్నారు.

సూక్ష్మంలోకి దిగితే ఈ వాక్యానికి తారీఖులే అడ్డం తిరుగుతాయి. ఒంగోలు సంఘం మొదలైంది 1867 జనవరి 1న, ఎనిమిది మందితో. కరువు రాకముందే అది వేలల్లోకి పెరిగింది. కరువు పని నడుస్తున్నన్నాళ్ళూ, సుమారు 15 నెలలు, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదనే. సహాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక, 1878 జూన్‌లో మళ్ళీ తలుపు తెరిస్తే జనం అలా వచ్చిపడ్డారు. గంజి కోసమే అయితే గంజి ఉన్నప్పుడు అడగాలి కదా.

మరి ఎలా జరిగింది? ఇక్కడ ఒక మనిషి కావాలి. తాళ్ళకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారి. క్రైస్తవంలోకి రాకముందే యోగ సంప్రదాయంలో గురువుల దగ్గర కూర్చున్నవాడు, దేవుడి కోసం చాలా కాలంగా వెతుకుతున్నవాడు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో మాదిగల మీద 'వైల్ సూయింగ్ శాండల్స్' అని పుస్తకం వేసింది. ఆమె డాక్టరేట్ మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, స్త్రీల హక్కుల మీద. అలాంటావిడ మాదిగవాడల్లో కూర్చుని ముసలివాళ్ళ కథలు రాసుకుంది. మిషనరీ కళ్ళద్దాలు లేవని అనను, చాలానే ఉన్నాయి. అయినా చెప్పులు కుట్టుకుంటూ, బంధువుల ఇళ్ళకు పోతూ, తోళ్ళు కొనడానికి ఊరూరూ తిరుగుతూ మాదిగలే ఈ కబురు మోశారని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. ఒంగోలు బంగళా నుంచి కాదు, చుట్టరికాల దారిలో వెళ్ళింది.

సంఘంలో చేరేవాళ్ళు ముఖ్యంగా మూడు పాటించాలి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవి మతనియమాలుగానే పుస్తకాల్లో ఉంటాయి. ఊరి వైపు నుంచి చూడండి. ఆదివారం పొలానికి రానంటే అది సమ్మె. గొడ్డును తినననడం వెట్టి బేరాన్ని తెంచుకోవడమే. జాతరకు మొక్కనన్నాక డప్పు కొట్టేదెవరు? అందుకే భూస్వాములు అంతగా మండిపడ్డారు. ఇది పుస్తకాల్లో అక్కడక్కడా నలిగి ఉంది గానీ ఇంకా ఎవరో ఒకరు గట్టిగా రాయాల్సిన సంగతి.

ఇప్పుడు మళ్ళీ స్థూలంలోకి వెళ్దాం, ఎందుకంటే పేరయ్య దగ్గరే ఆగిపోతే అది ఒక భక్తుడి జీవితచరిత్ర అవుతుంది. అదే దశాబ్దంలో, 1873లో, పంజాబులోని సియాల్‌కోట్ ప్రాంతంలో దిత్ అనే ఒక కుంటి మనిషి బాప్తిస్మం తీసుకున్నాడు. చూహ్రా కులం. బోధించమని ఎవరూ జీతం ఇవ్వలేదు. తన పని తను చేసుకుంటూ బంధువులకు చెప్పాడు. అక్కడ మొదలైన కదలిక కొన్ని దశాబ్దాల్లో చూహ్రాలలో అత్యధికుల్ని క్రైస్తవులను చేసింది. దిత్ చేసే పనేంటో తెలుసా? తోళ్ళ వ్యాపారం.

వందల మైళ్ళ దూరంలో, ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు అంటరాని తోళ్ళ వ్యాపారులు. ఇది కాకతాళీయం కావచ్చు. కానీ పరిశోధకుడికి చెవులు నిక్కబొడుచుకోవాలి. వెట్టిలో ఊరికి కట్టేసి ఉన్న కులంలో, ఊరు దాటి తిరిగే హక్కు ఎవరికి ఉంటుంది? చచ్చిన గొడ్డు తోలు కొని అమ్మేవాడికి. దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు కాబట్టి ఆ దారి అతనిదే. మైల అని వదిలేసిన సరుకే అతనికి దారి ఇచ్చింది, చేతిలో నాలుగు డబ్బులు పెట్టింది, పది ఊళ్ళ కబుర్లు తెచ్చింది. ఇది నిలుస్తుందో లేదో ఇంకో పది చోట్ల వెతికి చూడాలి. 1859లో రాఘవాపురంలో మారిన పగోలు వెంకయ్య మాల. అక్కడ తోళ్ళ లెక్క కుదరదు, వేరే దారి వెతకాలి. అలా కుదరని చోట్లు కూడా లెక్కలోకి తీసుకుంటేనే సిద్ధాంతం. మాదిగ పరిశోధక విద్యార్థి ఒకరు దీన్ని పట్టుకుంటే భారతదేశపు మతమార్పిళ్ళ చరిత్రనే తిప్పి రాయొచ్చు. 'ఫలానా మండలంలో' అని కుదించుకోనక్కర్లేదు.

అదే నేల మీద ఇంకో సంగతి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. కృష్ణా డెల్టా అంచున కాలవ నీళ్ళతో, వ్యాపార పంటలతో కొత్తగా బలిసిన కమ్మ రైతు వర్గం, 1983లో మారిన ప్రభుత్వం. ఈ స్థూల చిత్రాన్ని బాలగోపాల్ అప్పుడే పదునుగా గీశారు. ఆ విశ్లేషణ ఎప్పటికీ పనికొస్తుంది. కానీ గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. తాగే నీళ్ళను పాడుచేస్తుంటే అడిగినందుకు కొట్టబోతే, బిందె ఎత్తి ఎదురు నిలిచిన మనిషి మున్నంగి సువార్తమ్మ. నేను క్లాసులో పిల్లల్ని ఆ పేరు దగ్గర ఆపుతాను. సువార్త. ఆ పేరు ఎలా వచ్చింది? గంజి తిట్టు తిన్న జనం తమ కూతుళ్ళకు పెట్టుకున్న పేరది. గుండ్లకమ్మ నుంచి కారంచేడు చెరువు దాకా వందేళ్ళు ఆ పేరులో నడిచి వచ్చాయి. డెల్టా పెట్టుబడి లెక్క నీకు చంపినవాడి గురించి చెప్తుంది. ఆమె బిందె ఎందుకు ఎత్తిందో చెప్పాలంటే వాడలోకి, చర్చిలోకి, బడిలోకి వెళ్ళాలి.

సూక్ష్మం మీద ఇంత ప్రేమ చూపించాను కాబట్టి దాని రోగం కూడా చెప్పాలి. మనవాళ్ళు ఊరి మీద రాస్తే చాలాసార్లు అది వీరగాథ అయిపోతుంది. తాతలందరూ ధీరులు, వాడంతా ఒకే మాట మీద ఉంది, ఆడవాళ్ళు వంటింట్లోంచి చప్పట్లు కొడుతుంటారు. వాడ లోపలి తగాదాలు రాయరు. స్థూలం రోగం ఇంకోటి: సగటు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు అడిగింది అదే. 'ఎస్సీ' అనే పెద్ద లెక్కలో మాదిగకు, రెల్లికి, డక్కలికి, చిందుకు ఎంత వచ్చిందో విడగొట్టి చూపించమన్నారు. 1997లో ఏబీసీడీలుగా విడగొట్టారు, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చేసుకోవచ్చంది. ముప్పై ఏళ్ళు పట్టింది. ఒక సగటు అంకె వెనక ఏముందో చూడమని అడగడానికి. మన మాటల్లో 'దళితులు' అని రాసిన ప్రతిచోటా ఆ ప్రశ్న మనల్ని కూడా అడగాలి.

ఎలా మొదలుపెట్టాలని అడిగినవాళ్ళకు పనికొచ్చే మాటలు కొన్ని. సినాప్సిస్‌లో 'నా ఊరి మాదిగవాడ' అని రాసి ఆపకండి. ఆ వాడ ఏ పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పగలదో మొదటి పేజీలోనే రాయండి. అప్పుడు 'చిన్నది' అనలేరు, 'పెద్దది' అనీ అనలేరు. పాత జిల్లాలు తెలుసుకోండి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది. కారంచేడు 2022 నుంచి బాపట్ల జిల్లా. ఇది తెలియక ప్రకాశం కోసం పాత కాగితాలు వెతికి ఏమీ లేవని తిరిగొచ్చినవాళ్ళున్నారు. 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్‌తో మొదలుపెడితే దారి దొరుకుతుంది. అందులో మన గురించి రాసిన మాటలకు ఒళ్ళు మండుతుంది, అయినా చదవాలి.

అన్నిటికన్నా ముందు మీ చర్చి పాస్టరుగారిని అడగండి. బాప్తిస్మం రిజిస్టర్లలో మామూలుగా పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ ఉంటాయి. పెళ్ళిళ్ళ రిజిస్టర్లో ఏ ఊరి నుంచి ఏ ఊరికి పిల్లనిచ్చారో ఉంటుంది. అంటే కబురు నడిచిన దారి ఉంటుంది. ప్రాథమిక బడి అడ్మిషన్ రిజిస్టర్లు, సాంఘిక సంక్షేమ హాస్టల్ రిజిస్టర్లు కూడా అడగండి. ఇవి ట్రంకు పెట్టెల్లో, బీరువాల అడుగున చెదలు తింటున్నాయి. ఫోనుతో ఫొటో తీసుకోండి, తీసే ముందు పెద్దల అనుమతి తీసుకోండి, బతికున్నవాళ్ళ వివరాలు బయట పెట్టకండి. ముసలమ్మలతో మాట్లాడేటప్పుడు మగవాళ్ళను కాసేపు బయట కూర్చోమనండి. కథ మారిపోతుంది.

వచ్చే భాగంలో మాదిగ ఇనాం భూముల కాగితాలు ఎలా చదవాలో రాస్తాను. మీ ఊళ్ళో తోళ్ళ వ్యాపారం చేసిన ముత్తాతల కథలుంటే, ఏ ఊరి నుంచి ఏ సంతకు వెళ్ళేవారో మాత్రమైనా సరే, కింద రాయండి.

జై భీమ్.